ఇరవై మూడు జిల్లాల వానా, ఎండా

ఖాళీగా ఉన్న ఆ తిరిగే కుర్చీ నాకు కావాలని ఎవరికీ చెప్పలేదు. డైరీలో మాత్రం మూడు పేజీలు రాసుకున్నాను.

ఆబిడ్స్‌లో రెండో అంతస్తు మీద చిన్న డీటీపీ సెంటర్ మాది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, గన్‌ఫౌండ్రీ వైపు తెరుచుకునే ఒక కిటికీ. బడి పిల్లల గైడ్లు కంపోజ్ చేసి ప్రెస్‌కి పంపేవాళ్లం. సెంటర్ నడిపే అక్క టైపు చేసేది. నేను కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ప్రూఫులు దిద్దేదాన్ని. రెండో కంప్యూటర్ దగ్గర పనిచేసే ఆపరేటర్ ఏప్రిల్‌లో మానేసింది. అప్పట్నుంచీ ఆ కుర్చీ ఖాళీ. నాంపల్లిలో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్ బ్యాగులో పెట్టుకునే తిరుగుతున్నాను. కానీ "నాకూ వచ్చు అక్కా" అనడానికి నోరు పెగల్లేదు. రోజూ పొద్దున మెట్లెక్కుతూ ఆ మాట అనుకోవడం, పైకెక్కేసరికి మింగేయడం.

మేలో జాగ్రఫీ సార్ వచ్చారు. మెదక్ దగ్గర మిషన్ బడిలో చాలా ఏళ్లు పాఠం చెప్పి రిటైరై, సికింద్రాబాద్‌లో ఉంటున్నారు. ఆయన రాసిన గైడులో ఒక్కో జిల్లాకు ఒక్కో బొమ్మ. నెలనెలా పడిన వాన నిలువు కడ్డీలుగా, నెలనెలా ఉన్న వేడి ఆ కడ్డీల మీద సాగే గీతగా, రెండూ ఒకే బొమ్మలో ఉండాలి. అప్పటికి మన రాష్ట్రానికి ఇరవై మూడు జిల్లాలు. అక్క మౌస్ పట్టుకుని రెండు బొమ్మలు చేసేసరికి మధ్యాహ్నమైంది. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా వచ్చాయి.

"నా తోని కాదు సార్," అంది అక్క. "హిమాయత్‌నగర్ల ఒక పిల్ల ఉంది, గ్రాఫులు మంచిగ చేస్తదట. సోమవారం పిలుస్త."

"సోమవారమంటే ఎట్లమ్మా? ప్రెస్సోడు గా రోజే షురూ చేస్తనన్నడు. బళ్లు తెరిచే లోపట గైడ్లు దుకాణాల ఉండాలె. నాకు శనివారం కావాలె."

"నేను చేస్తాను," అని ఎవరో అన్నారు. ఆ అన్నది నేనే.

అక్క కుర్చీతో సహా నా వైపు తిరిగింది. "ఏందీ? పొద్దుగాల కెల్లి సాయంత్రం దాంక రెండు మాటలు మాట్లాడవు. గిప్పుడు ఇరవై మూడు బొమ్మలు గీస్తవా?"

"గీయనక్కా. కోడ్ రాస్తాను. అదే గీస్తుంది."

"అదే గీస్తదట సార్, ఇన్నరా!" అని అక్క నవ్వింది. సార్ నవ్వలేదు. నన్ను కళ్లజోడు పైనుంచి చూశారు.

ఆయన వెళ్లాక అక్క షరతు పెట్టింది. "శనివారం దాంక టైము. అయ్యిందా, ఆ కుర్చీ నీది. కాలేదా, హిమాయత్‌నగర్ పిల్లకు చెప్పి పెడ్త, సోమవారం వచ్చి కూసుంటది, నువ్వు మల్ల ప్రూఫులే. ఇంకోటి, ప్రూఫులు ఆగొద్దు. ఒంటి గంట నుంచి రెండు దాంక, నేను అన్నం తినేటప్పుడు ముట్టుకో కంప్యూటర్."

ఇంట్లో కంప్యూటర్ లేదు. అందుకని కోడ్ డైరీలో రాసేదాన్ని. పొద్దున్నే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో బెంచీ మీద కూర్చుని, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న అట్ట లేని మాక్రోల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఒక్కో లైనూ పెన్సిలుతో రాసుకునేదాన్ని. డైరీ ఎప్పటి డైరీయే కాబట్టి అన్నీ కలిసిపోయాయి. అమ్మ మీద కోపం, కింద నాలుగు లైన్ల లూప్, దాని కింద ఎర్రంచు పచ్చ చీర కట్టుకున్న ఎవరో ఆవిడ నడక. మధ్యాహ్నం ఒంటిగంటకు వాటిలోంచి కోడ్ ఒక్కటే ఏరి టైపు చేసేదాన్ని.

మంగళవారం నా మొదటి మాక్రో, అంటే టైపు చేసిన ఆ కోడ్, నడిపాను. కడ్డీలన్నీ గీతలైపోయాయి. వేడి ఉన్న రెండో వరుస ఒక్కదాన్నే గీతగా మార్చమనాల్సింది పోయి, మొత్తం బొమ్మనే మార్చమన్నాను. బుధవారం అది సరిచేశాను. వాన కడ్డీలుగా లేచింది. వేడి కనిపించలేదు. కళ్లు చికిలించి వెతికితే, అట్టడుగున నేలకు అతుక్కుని ఉంది. వాన వందల్లో ఉంటుంది, వేడి పదుల్లో. రెండిటికీ ఒకే కొలబద్ద పెడితే మే నెల కూడా పడుకునే ఉంటుంది. రెండింటికీ పదో పరకో తేడా ఉంటే సరిపోయేదే, కానీ ఇక్కడ ఏనుగునీ చీమనీ ఒకే త్రాసులో వేసినట్టయింది.

ఆ రోజు ప్రూఫుల్లో ఏం దిద్దానో నాకే తెలియదు.

గురువారం పొద్దున బెంచీ మీద దొరికింది. పుస్తకంలో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది: ఒక్కో వరుసకూ యాక్సిస్ గ్రూప్ అని ఒకటి ఉంటుంది, దాన్ని రెండు చేస్తే ఆ వరుసకు కుడివైపున వేరే కొలబద్ద మొలుస్తుంది. ఒక్క లైను! సెంటర్ దాకా నడిచానా, పరిగెత్తానా అన్నది గుర్తులేదు. ఒంటి గంట ఎంతకీ కాదే! అక్క డబ్బా మూత తీసీ తీయగానే ఆ లైను కొట్టి, మాక్రో నడిపాను.

గీత లేచింది. నేల మీంచి లేచి, ఎండాకాలం దగ్గర ఎగిరి, వానలొచ్చేసరికి కిందికి దిగి, కడ్డీల తలల మీదుగా హాయిగా సాగిపోయింది. కుడిపక్కన వేడి అంకెలు, ఎడమపక్కన వాన అంకెలు. నేను స్టూలెక్కి నిలబడ్డాను.

"ఏమైందే? ఎలుకొచ్చిందా?" అని అక్క కాళ్లు పైకి పెట్టుకుంది.

"వేడొచ్చిందక్కా!"

"మే నెలల వేడి రాక చలొస్తదా? దిగు, పడ్తవ్."

ఇక మిగిలింది ఆ పనే ఇరవై మూడు సార్లు చేయమనడం. శుక్రవారం లూప్ పెట్టాను. ఒక్క మీట నొక్కితే తెర గబగబా మెరిసి, ఒక్కో జిల్లా ఒక్కో షీటులో పుట్టుకొచ్చింది. అన్నీ ఒకే పొడుగు, ఒకే వెడల్పు. అక్క చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "మల్ల నొక్కు," అంది. నొక్కాను. "ఇంకోపారి."

శనివారం పదకొండింటికి సార్ వచ్చారు. ఆదిలాబాద్ నుంచి మొదలుపెట్టి ఒక్కో బొమ్మా చూశారు. నాలుగోదాని దగ్గర ఆగారు.

"మంచిగున్నయి బిడ్డా. కని జనవరి కెల్లి షురూ చేసినవేంది? రైతుకు ఏడాది మృగశిర కార్తెతోని మొదలైతది. నేను బళ్లె గట్లనే చెప్పిన, పుస్తకంల గట్లనే రాసిన. జూన్ ముందు రావాలె, మే ఆఖరుకు."

అక్క తల పట్టుకుంది. "ఇరవై మూడూ మల్ల చెయ్యాల్నా? అయిపాయె. హిమాయత్‌నగర్‌కు ఫోన్ చేస్త."

"పది నిమిషాలు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఒక్కచోట మారిస్తే అన్నిటికీ మారుతుంది సార్."

డైరీ తెరిచాను. వరుసలు తిప్పే లూప్ ఒకటి అందులో ఎక్కడో రాసుకున్నాను. పేజీలు తిప్పుతుంటే సార్ నా భుజం మీంచి వంగి చూస్తున్నారు. నేను ఆపేలోపే పైకి చదివేశారు.

"జాగ్రఫీ సార్ నడుస్తుంటే నాంపల్లి స్టేషన్‌లో గూడ్సు బండి కదిలినట్టుంటుంది..."

చెవుల దాకా కాలిపోయాను. అక్క టేబుల్ మీద తల పెట్టి నవ్వింది. సార్ కాసేపు ఆలోచించారు. "గూడ్సేనా? ప్యాసింజర్ గూడ కాదా? ప్రభువా! సరే, కానియ్యి బిడ్డా, కానియ్యి."

ఆ లూప్ దొరకబుచ్చుకుని కొట్టాను. నెలల పేర్లు జూన్ నుంచి కొత్త వరుసలోకి. వాన అంకెలు జూన్ నుంచి కొత్త వరుసలోకి. మీట నొక్కాను. తెర మెరిసింది. జూన్ ముందుకొచ్చింది, వాన ఎడమవైపున గుంపుగా నిలబడింది. ఎంత బాగుందో!

సార్ ముక్కు తెరకు ఆనించారు. "గిదేంది బిడ్డా? మన దగ్గర అక్టోబర్ల గింత ఎండ కొడ్తదా?"

చూశాను. నిజమే. ఇరవై మూడు జిల్లాల్లోనూ అక్టోబర్‌లో వడగాలి. దీపావళికి జనం మాడిపోతున్నారు, మేలో హాయిగా ఉన్నారు. నెలల్నీ వాననీ తిప్పి, వేడిని తిప్పడం మర్చిపోయాను. అది ఇంకా జనవరి నుంచే నడుస్తోంది.

"అయ్యో సార్, ఎండను జూన్‌కి తీసుకురాలేదు."

"అయితే తే. గిట్లనే ప్రెస్‌కు పోతే, పిల్లలు అక్టోబర్ల ఒంటిపూట బడి అడుగుతరు."

ముందు అక్క నవ్వింది, తర్వాత సార్, చివరికి నేను. ఎంత నవ్వొచ్చిందంటే కీబోర్డు మీద వేలు ఆనలేదు. ఇంకొక్క లైను రాశాను. ఈసారి మూడు వరుసలూ జూన్ నుంచే ఉన్నాయని చూసుకుని మీట నొక్కాను.

వేడి కుడివైపుకు జరిగి, మే దగ్గర నిలబడింది. సార్ ఒక్కో జిల్లా వేలితో చూసుకుంటూ ఇరవై మూడూ లెక్కపెట్టారు. ప్రింటర్ ఒక్కో కాగితం వదులుతుంటే అక్క వేడి వేడిగా పట్టుకుని ఆయనకు అందించింది.

"దేవుడు దీవించాలె బిడ్డా," అని సార్ కాగితాలు సంచిలో పెట్టుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి, "గూడ్సు పోతున్నదమ్మా," అని మెట్లు దిగారు.

అక్క హిమాయత్‌నగర్‌కు ఫోన్ చేసింది. "ఆఁ, నమస్తే. సోమవారం ఆ పిల్లను పంపకున్రి. అవసరం పడలేదు. మాకాడ ఒకామె ఉంది." ఫోన్ పెట్టేసి నన్ను చూసింది. "ఇగ కూసో. నిలబడి ఏం జూస్తున్నవ్?"

కుర్చీలో కూర్చున్నాను. కాళ్లు నేలకు అందలేదు. ఒక చుట్టు తిరిగాను. ఇంకో చుట్టు తిరిగేసరికి కిటికీ పక్కన స్టూలు, దాని మీద ఎత్తుగా పేరుకున్న సైన్సు గైడు ప్రూఫులు కనిపించాయి. అక్కకూ అప్పుడే కనిపించినట్టున్నాయి.

"అవునే, మరి అవెవ్వరు చూస్తరు?"

అక్క మళ్లీ ఫోన్ తీసింది.

"ఆఁ, నేనే. మల్ల నేనే. జర ఆ పిల్లను అడుగున్రి, ప్రూఫులు చూసుడు వస్తదా అని."