చువ్వ గుచ్చని బొగ్గు కుప్ప

ఎవరో ముట్టించందే మంట పుట్టదని పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా అనుకుంటారు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

నేను బడికి పోయింది రెండేళ్లే. పెళ్లయిన కొత్తలో జనగామలో కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టేవాణ్ని. పొట్లాల కోసం వచ్చిన పాత సైన్సు పుస్తకాల కాగితాలను చదివాకే చింపేవాణ్ని. గ్యాసు భగ్గున మండడం వేరు, టపాకాయ మందు ఒక్కసారిగా పేలడం వేరని అక్కడే తెలిసింది. అగ్గి చూపకుండానే లోలోపల వేడెక్కి అంటుకునేవి కూడా ఉంటాయని చదివి నమ్మలేకపోయాను.

భూపాలపల్లిలో ఒక కంట్రాక్టరు బొగ్గు యార్డులో పనికి కుదిరాక నమ్మాను. గాలి తగిలిన బొగ్గు మెల్లగా వేడెక్కుతుంది. కుప్ప పెద్దదైతే ఆ వేడి బయటికి పోదు. అందుకే రోజూ పొద్దున్నే పొడవాటి ఇనుప చువ్వను కుప్పలోకి గుచ్చి, కాసేపాగి లాగి, చేతి వెనకవైపు దగ్గర పెట్టి చూసేవాళ్లం. సెగ తగిలితే అక్కడ తవ్వి బొగ్గును పలచగా పరిచేవాళ్లం.

తెలంగాణ కోసం సమ్మె మొదలై యార్డు ఆగిపోయింది. మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం కాగడాల ఊరేగింపు యార్డు గోడ పక్కనుంచి పోయింది. మర్నాడు పొద్దున కుప్పలోంచి పొగ. యార్డు ఇంజినీరు ఎస్సైని తీసుకొచ్చి, ఊరేగింపులో ముందు నడిచిన మా లోడింగు కూలీని చూపించాడు.

"కాగడా విసిరింది వీడే. జీపెక్కించండి."

నేను అడ్డం పోయాను. "ఎవ్వలు ముట్టియ్యలే సారూ. గిది లోపట్నుంచి అంటుకున్నది."

"ముట్టియ్యలే అంట!" ఇంజినీరు నా మాటను వెక్కిరించాడు. "ఏం చదివావు నువ్వు?"

"పొట్లాల కాయితాలు చదివిన. నువ్వు పుస్తకమే చదివితివి గదా, అండ్ల గిది లేదా?"

ఎస్సైకి నవ్వొచ్చింది. "సరే, చూపియ్యి."

కుప్ప పైనున్న బొగ్గుగడ్డ తీసి ఆయన చేతిలో పెట్టాను. చల్లగా ఉంది. కాగడా పడితే ముందు కాలేది పైభాగమే. తర్వాత చువ్వను అడుగున గుచ్చి, లాగి, నీళ్లు చల్లాను. చుయ్యిమంది. ఎస్సై కూలీ భుజం మీద నుంచి చెయ్యి తీశాడు.

ఇంటికి వస్తుంటే ఆ కూలీ అడిగాడు. "అన్నా, రోజు చువ్వ గుచ్చితే గిట్ల కాకపోవు గదా?"

సమ్మె అంటే చువ్వ కూడా ముట్టొద్దని గేటు దగ్గర అందరికీ గట్టిగా చెప్పింది నేనే. నా పట్టుదల వల్ల అతను జైలుకు పోవలసి వచ్చేది.

మర్నాడు చువ్వ భుజాన వేసుకొని యార్డుకు పోయాను. గేటు దగ్గర కూర్చున్న మావాళ్లు ఊరుకుంటారా?

"ఏందే, సమ్మె ఇడిసిపెట్టినవా?"

"ఇడువలే. కూలి తీసుకోను. యార్డుల ఇంకో కుప్ప ఉన్నది గదా, జర చూసొస్త."

ఎవరూ దారి ఇవ్వలేదు. అప్పుడు ఆ కూలీ లేచి, దుమ్ము దులుపుకొని, గేటుకు ఆనించి ఉన్న రెండో చువ్వ అందుకున్నాడు.