ముత్తాత వంతు బియ్యం

మా మేనత్త పోయిందని మొన్న మాఘంలో ఫోన్ వచ్చింది. దవాఖానలో కాదు, ఇంట్లోనే. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిందట. పక్కింటివాళ్లు చూసేసరికి అంతా అయిపోయింది. మెదక్ చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. బోర్లించిన ఆ గ్లాసు చూశాక వచ్చింది.

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఒకప్పుడు చేగుంటకైనా శంకరంపేటకైనా చావు కబుర్లు ఆమె నోటి మీదుగానే వెళ్లేవి. అందుకేనేమో, ఎంత పెద్దమనిషైనా ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడేవాడు. "లైన్ కలుస్తలేదంటే అవుతల మనిషి లేడని కాదు" అనేది. ఎవరింటి తలుపైనా కొట్టి, తీయకపోతే కూడా అదే మాట. మామయ్య తొందరగా పోయాడు, పిల్లలు లేరు. మా ఇంట్లో గొడవలైనప్పుడల్లా నన్ను తీసుకుపోయి తన దగ్గర పడుకోబెట్టుకునేది. నాకు లెక్కలు చెప్పింది ఆమే, సైకిల్ నేర్పింది ఆమే. ఇవాళ నేను నాలుగు మెతుకులు తింటున్నానంటే అందులో ఆమె చలవ ఉంది.

పెత్రమాస నాడు మా దిక్కు చనిపోయిన పెద్దల పేరు మీద పూజలు చేయించే అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. ఒక్కొక్కరి పేరు చెప్పి ఒక్కొక్కరి వంతు. మా ఇంట్లో ఒక పేరు మాత్రం ఎన్నడూ పలికేవారు కాదు. అది మా ముత్తాతది, అంటే అత్తమ్మకు తాత.

ఆయన సికింద్రాబాద్‌లో తెల్లవాళ్ల పల్టన్‌లో ఒక ఐర్లాండు దొరకు వంట చేసేవాడు. కొలువు ముగిసి దేశం పోతూ, ఆ చేతి వంట విడవలేక దొర ఆయన్ను వెంట తీసుకుపోయాడు. అప్పటికి మా తాత పాలు తాగే పిల్లవాడు. అక్కడి నుంచి ఒక్క ఫోటో వచ్చింది. కోటు, తలపాగా, వెనక రాతి ఇల్లు, అడుగున కార్క్ అని ఊరి పేరు. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

ముత్తవ్వ మాత్రం ఆయన వచ్చాడనేది. పిల్లవాడు పాకే రోజుల్లో, ఒక పెత్రమాస నాడు మిట్టమధ్యాహ్నం, బతుకమ్మకు తంగేడు పువ్వు పేరుస్తుంటే గడప ముందు నిలబడ్డాడట. ఆకలైతుంది, ఏమన్నా పెట్టమన్నాడట. గిన్నెలో అన్నం పెట్టుకుని వచ్చేసరికి మనిషి లేడు. వీధివీధీ వెతికించింది. ఎవరూ చూడలేదు. అయినా తిరిగొచ్చాడు, బతికే ఉన్నాడు, ఎక్కడో తిరుగుతున్నాడు అనేదే ఆమె లెక్క. బతికున్నవాడి పేరు మీద పెత్రమాస బియ్యం ఇస్తే వాడి ఆయుష్షు తగ్గించినట్టే. అందుకని ఆయన వంతు తీయనివ్వలేదు. బొట్టూ గాజులతోనే పోయింది. ఆమె తర్వాత కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. అట్లా నూరేళ్లు దాటినా మా ముత్తాత మా ఇంట్లో బతికే ఉన్నాడు.

నేను నవ్వేవాడిని. అత్తమ్మ నవ్వేది కాదు.

"ఆకలని ఇంటికొచ్చిన మనిషికి పెట్టలే. ఒకవేళ అప్పటికే పోయిండనుకో, గప్పటిసంది ఉపాసమే గద. నేను పోతే ఆయన పేరు యాదుండేటోళ్లు లేరు రా. నా కండ్లు మూతపడకముందే తెల్వాలె."

ఐర్లాండు ప్రభుత్వం తమ పాత చావుల రిజిస్టర్లను ఇంటర్నెట్‌లో పెట్టిందని తెలిసి, ఆమె ఫోన్లో తెరిచి ఇచ్చాను. ముత్తాత పేరు కొడితే ఏమీ రాలేదు. ఆమె వదల్లేదు. కార్క్ చుట్టుపక్కల చావులన్నీ పేజీ తర్వాత పేజీ చదువుతూ కూర్చుంది. ఎక్కడో ఒక గుడిసెలో ఇద్దరు పసిపిల్లలు ఒకే పూట పోయారని చదివి ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి లోపల ఆమె ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించింది. చుట్టాలనుకున్నాను. చూస్తే ఒక్కతే. రిజిస్టరులోని పేర్లను గట్టిగా, ఒక్కొక్కటిగా పిలుస్తోంది. ప్రతి పేరు తర్వాతా ఆగి చెవి ఒగ్గుతోంది. ఎందుకు ఆగుతున్నావంటే, పిలిచినంక జర ఆగాలె గద అంది, అదేదో అందరికీ తెలిసిన మర్యాద అన్నట్టు. నేను దయ్యాలను నమ్మను. కానీ ఆ రోజు చాయ్ తాగకుండానే బయటపడ్డాను.

చివరికి నేను మెయిల్ పెడితే, దారి చూపింది కార్క్ లైబ్రరీలో పనిచేసే ఒకావిడ. వంటవాణ్ని వదిలి దొర ఇంటిని పట్టుకోండి, నౌకర్లు యజమాని ఇంట్లోనే పోయేవారు అని రాసింది. దొర పేరు అత్తమ్మకు తెలుసు. కొన్నాళ్లకు ఆవిడే పేజీ వెతికి పంపింది. పేరు వాళ్ల నోటికి తిరిగినట్టు రాసుకున్నారు. వృత్తి ఇండియా వంటమనిషి, పోయింది ఛాతీ జబ్బుతో. పెళ్లి గడిలో వివాహితుడు అని ఉంది. చివరి గడిలో, చావు సమయంలో దగ్గరున్నవారి చోట, సంతకం రాని ఒక పనిమనిషి వేసిన గీత.

అత్తమ్మ ఆ గీత మీద వేలు పెట్టింది. "ఒక్కడే పోలే," అంది. "ఇంటికాడ పెండ్లాం ఉన్నదని గూడ చెప్పుకున్నడు."

నేను తేదీ చూస్తున్నాను. పిల్లవాడు పాకే ఏడే. పాత పంచాంగం తెరిచాను. నమ్మకం కుదరక ఇంకో పంచాంగమూ చూశాను. రెండిట్లోనూ ఆ రోజు భాద్రపద అమావాస్యే, పెత్రమాస. నా మొహం చూసి ఆమె అడిగింది, చెప్పక తప్పలేదు.

గడప ముందుకు వచ్చిందెవరో ఆమె అడగలేదు. దానికి ఆశ్చర్యపోలేదు కూడా. ఆమె ఏడ్చింది ఇంకోదానికి.

"ఆయన తిథి నాడే అందరికి పెట్టుకుంట వచ్చినం రా. ఆయననొక్కన్ని ఉపాసముంచినం."

అల్లాదుర్గ్‌లో ఉండే మా చిన్నాన్న ఇప్పుడు ఇవన్నీ తవ్వొద్దన్నాడు. ముత్తవ్వ బొట్టుకు మాట వస్తుందని ఆయన భయం. అత్తమ్మ ఆయనకు నెమ్మదిగానే చెప్పింది, ఆమె బొట్టు ఆమెది, ఈయన ఆకలి ఈయనది అని.

నిరుడు పెత్రమాసకు సెలవు పెట్టి వెళ్లాను. పట్టపగలు, మంచి ఎండ. అయ్యగారు లోపల పీట మీద కూర్చుని మా తాతది, ముత్తవ్వది, మామయ్యది వరుసగా కానిచ్చారు. అత్తమ్మ చాటలో ఇంకో వంతు పోసింది. ఎవరిదని అడిగి, విని, ఆయన ఆగిపోయారు. మా ఇంటి సంగతి ఆయనకు తెలుసు.

"ఇస్తే ఇగ ఆయన పోయినట్టే అమ్మా. మంచిగ సోంచాయించుకోండ్రి."

"ఇస్తున్న అయ్యగారూ," అంది. గోత్రం చెప్పి, తన తాత పేరు పలికింది. ఆ ఇంట్లో ఆ పేరు గట్టిగా వినడం నాకు అదే మొదలు. బియ్యం సంచిలో పడిన చప్పుడు కూడా అయిపోయింది. ఎవరూ కదల్లేదు.

అప్పుడు అత్తమ్మ కొంగు దగ్గరికి లాక్కుని, గోడకు జరిగి నిలబడింది, ఇరుకింట్లోంచి పెద్దవాళ్లు బయటికి పోతుంటే తొవ్వ ఇచ్చినట్టు. ఎవరూ చెప్పకుండానే అయ్యగారు సంచిని పక్కకు జరుపుకున్నారు. గుమ్మానికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చున్న నేను, ఏమీ నమ్మని నేను, కాళ్లు ముడుచుకున్నాను.