మాత్రలు తూచిన కాటాల మేస్త్రీ

దుకాణాల త్రాసులు, కాటాలు బాగుచేస్తూ ముప్పై ఏళ్లు గడిపిన మేస్త్రీకి మనుషుల మాట కన్నా కాటా ముల్లు మీదే గురి ఎక్కువ. పెళ్లైన కొత్తలో మామగారిని కూడా తూచి చూశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటివాడి నడుం మీద ఓ రోజు బస్తాలు తూచే పెద్ద కాటా జారిపడింది. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మార్ఫిన్ జాతి మాత్రలు రాసింది. మొదటి వారం మాత్ర మింగిన అరగంటకల్లా నొప్పి మాయమై, మేస్త్రీ మహా మంచివాడైపోయేవాడు. ఒకసారి బావమరిదిని పొగిడాడు కూడా. ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారు.

మూడో వారానికి నొప్పి తిరిగొచ్చింది. మాత్ర తెచ్చిపెట్టిన మలబద్ధకం మాత్రం చెక్కుచెదరలేదు. మందుల షాపావిడ కల్తీ సరుకు అంటగడుతోందని మేస్త్రీ తేల్చేశాడు. బంగారం తూచే కాటా తెప్పించుకున్నాడు. ఫ్యాను ఆపించి, భార్యను ఊపిరి బిగబట్టమని, మిగిలిన పద్దెనిమిది మాత్రలూ ఒక్కొక్కటే తూచాడు. వెంట్రుకవాసి తేడా లేదు. దాంతో కోపం ఇంకా పెరిగి, కర్ర ఊతంతో షాపుకి వెళ్లాడు.

షాపావిడ అంతా ఓపిగ్గా విన్నది.

“మాత్ర మారలేదు బాబాయ్ గారూ, మీ మెదడు మారింది.”

నరాల కణాల మీద ఈ మందు అతుక్కునే చోట్లు ఉంటాయట. అతుక్కోగానే కణం జోరు తగ్గి, నొప్పి కబురు అక్కడే ఆగిపోతుంది. రోజూ అదే తంతైతే ఆ చోట్లు మొద్దుబారతాయి, కొన్నిటిని కణం లోపలికి లాగేసుకుంటుంది. పైగా మందు అణిచిన పనిని రెట్టించిన జోరుతో చేసి సరిపెట్టుకుంటుంది.

“నన్నడక్కుండానే?” అన్నాడు మేస్త్రీ.

“ఎవర్నీ అడగదండీ.”

“మరి నా కడుపెందుకు అలవాటు పడలేదు?”

“పేగులు అంత తొందరగా లొంగవు.”

వెనక నిలబడ్డవాళ్లు నవ్వు ఆపుకున్నారు. రెండేసి మింగితే సరిపోతుందా అని అడిగేసరికి ఆవిడ మొహంలో నవ్వు పోయింది. సొంతంగా పెంచితే ఊపిరే మందగిస్తుందని చెప్పి, అప్పటికప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

డాక్టరమ్మ మోతాదు పెంచలేదు. వేరే మందు కలిపి, రోజూ నడిపించి, ఆ మాత్రను వారం వారం తగ్గించింది. తగ్గించినప్పుడల్లా చెమటలు, చిరాకు, ఆగని ఆవలింతలు. మేస్త్రీ ఆవలింతలు లెక్కపెట్టి, చీటీల మీద రాసి డాక్టరమ్మకి పట్టుకెళ్లేవాడు. ఆవిడ వాటిని చదువుతూ తనూ ఆవలించేది.

మూడు నెలలకు మళ్లీ పనిలో చేరాడు. కాస్త నొప్పి మిగిలింది గానీ, త్రాసు బాగుకిచ్చిన కూరగాయలమ్మే ఆమెకి తన మెదడు గొప్పలు చెప్పడానికి అదేం అడ్డురాలేదు. మొగుడి గురకకు తన మెదడు పదేళ్లయినా అలవాటు పడలేదేమని ఆమె అడిగింది. మేస్త్రీ మందుల షాపావిడ అడ్రసు చెప్పాడు.