దొరసానమ్మ వన్స్ మోర్, జనం వన్స్ మోర్

పోయిన మంగళవారం పొద్దున్నే నరసరావుపేట నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తా, నాయన పోయాడు. మిరియాల పాలు కాయమన్నాడు. కాచి తెచ్చేలోపే..." అని ఆగిపోయింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి పోవడం వింత కాదు. నాకే ఎనభై నిండబోతున్నాయి. కానీ మా అన్నతోపాటు ఆ గొంతు కూడా పోతుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

పల్నాడులో పద్యనాటకం అంటే చెవి కోసుకునేవాళ్ళకి మా అన్నను నేను పరిచయం చేయనక్కర్లేదు. నలభై ఏళ్ళు రాజు వేషాలు కట్టాడు. ఆయన పద్యం ఎత్తుకుంటే నాటకం అక్కడే గంటసేపు ఆగిపోయేది. ఎండాకాలంలో కూడా మెడకి తువ్వాలు చుట్టుకునే తిరిగేవాడు. చల్లనీళ్ళు ముట్టుకునేవాడు కాదు. అంత జాగ్రత్తపరుడూ అన్నంలో మాత్రం ఎర్ర మిరపకాయ పచ్చడి ముద్దలు ముద్దలుగా కలిపేవాడు. "గొంతు పోతుంది గదన్నా" అంటే, "కారం తగలని గొంతు పల్నాటిది కాదే" అనేవాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు, నేను తప్ప.

ఆ మనిషి మొదటిసారి స్టేజీ ఎక్కిన రోజు గురించే రాయాలని కూర్చున్నాను. ఆ రోజు ఆయన్ని దాదాపు స్టేజీ దింపేసినంత పని చేసింది నేనే.

మా నాయన మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టేవాడు. అన్న మిషన్ బడిలో అయిదు దాకా చదివి అదే క్వారీకి వెళ్ళాడు. మందు పెట్టి రాయి పేల్చేముందు అందరూ తప్పుకునేలా ఒకరు కేక వేయాలి. గొంతు పెద్దదని ఆ పని అన్నకి ఇచ్చారు. "తప్పుకోండహో" అని సాగదీసి అరిచాడంటే క్వారీలో ఎవరైనా సరే సమ్మెట కింద పడేసి, తల వంచి, పదడుగులు వెనక్కి నడవాల్సిందే. ఆలోచించి చేసే పని కాదది, కాళ్ళకి అలవాటైపోయింది.

ఒకనాడు అటుగా సైకిల్ మీద పోతున్న తెలుగు మాష్టారు ఆ కేక విని బెదిరి గుంటలో దూకారట. పేలుడయ్యాక దుమ్ము దులుపుకుంటూ వచ్చి, "ఎవడురా ఆ అరిచింది?" అని వెతుక్కున్నారు. ఆయన నాటకాలు రాసి, ఆడించేవారు. కొత్త నాటకంలో శత్రుసేన వచ్చిపడిందని రాజుకి వార్త తెచ్చే వేగువాడికి ఒకే ఒక పద్యం ఉంది. దాన్ని అన్న చేత పాడిస్తానని ఇంటికొచ్చారు.

నాయన ఒప్పుకోలేదు. "రాయి కొట్టేవోళ్ళ ఇంట్లో మొహానికి రంగులేందయ్యా? నలుగురూ నవ్వరా?" అన్నాడు. అన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు నాయన దిగివచ్చి ఒక షరతు పెట్టాడు. "ఒక్కసారే. జనం బాగలేదన్నారా, మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. ఏసయ్య మీద ఒట్టెయ్యి." అన్న ఒట్టేశాడు. అప్పుడాయనకి ఇరవై ఏళ్ళు. ఆ ఒక్క పద్యం మీదే బతుకంతా పెట్టాడని పదకొండేళ్ళదాన్ని నాకు కూడా అర్థమైంది.

ఇక్కడ మీకు ఇంకో సంగతి చెప్పాలి. మా బడిలో దొరసానమ్మ పాటలు నేర్పేది. ఎవరైనా తప్పు పాడితే ఆర్గను ఆపి "వన్స్ మోర్" అనేది. మాకు ఇంగ్లీషులో మొట్టమొదట వచ్చిన మాట అదే. దాని అర్థం "తప్పు, మళ్ళీ పాడు" అని మా అందరి నమ్మకం. అన్నకయితే ఆ మాట ఎన్నిసార్లు తగిలిందో లెక్కే లేదు. చివరికి నీ గొంతు ఒక్కటే వినబడుతోందని ఆమె ఆయన్ని పాటల గుంపులోంచి తీసేసింది.

నాటకం గురజాలలో. మిరప కోతల రోజులు, కోతకి పోయేవాళ్ళు రాత్రి మేలుకోలేరని ఆదివారం మధ్యాహ్నమే పెట్టారు. క్వారీ వాళ్ళు ముప్ఫైమంది దాకా వచ్చి వెనక నిలబడ్డారు. నాయనా నేనూ వాళ్ళ ముందు కూర్చున్నాం. అన్న పరుగున వచ్చి రాజు ముందు మోకరిల్లాడు. కిరీటం సరిచేసుకుంటున్న రాజు ఆయన్ని చూడను కూడా చూడలేదు. హార్మణీ సాయిబుగారు శ్రుతి ఇచ్చారు.

పద్యం చివరి మాట "రాజా". అన్న ఆ "జా" దగ్గర ఊపిరి బిగబట్టి పైకి ఎత్తాడు. అచ్చం క్వారీలో ఎత్తినట్టే. అంతే, వెనకున్న ముప్ఫైమందీ తలలు వంచి, గబగబా వెనక్కి నడిచారు! వాళ్ళ వెనక బఠాణీలమ్ముకునే ముసలమ్మ గంప తిరగబడింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత జనమంతా లేచి ఒకటే గోల. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

అన్న బెదిరిపోయాడు. మళ్ళీ పాడాడు, ఈసారి ఇంకా జాగ్రత్తగా. మళ్ళీ "వన్స్ మోర్!" ఆయన హార్మణీ వైపు వంగి అడిగిన మాట అందరికీ వినబడింది. ఆ గొంతుకి గుసగుస ఎట్లా తెలుస్తుంది? "సాయిబుగారూ, ఏడ తప్పానండీ?"

నాయన నన్ను గిచ్చాడు. "ఏందే, ఏందంటన్నారు?"

నేను ఏడుస్తూ చెప్పాను. "తప్పు పాడాడంట నాయనా. మళ్ళీ పాడమంటన్నారు."

నాయన లేచాడు. తలగుడ్డ భుజాన వేసుకుని జనాన్ని తోసుకుంటూ స్టేజీ దగ్గరికి పోయాడు. "ఒరేయ్, ఒట్టు గుర్తుందా? దిగు, ఇంటికి పోదాం" అన్నాడు. అన్న చేతులు జోడించి జనం వైపు తిరిగాడు. "అయ్యల్లారా, పొరపాటు ఏడుందో చెప్పండి, దిద్దుకుంటా. మా నాయన తీసుకపోతన్నాడు" అన్నాడు. కళ్ళనీళ్ళకి మొహం మీద రంగు చారలు కట్టింది. ఆయన ఒక కాలు స్టేజీ దింపేశాడు కూడా.

సాయిబుగారు హార్మణీ వదిలేసి లేచారు. "ఓరి పిచ్చి నాయనా! తప్పేంది? చానా బాగుందిరా! బాగున్నందుకే మళ్ళీ పాడమంటన్నారు! ఏమయ్యా పెద్దాయనా, నీ కొడుకు గొంతు నువ్వెప్పుడూ వినలేదా?"

జనం మళ్ళీ "వన్స్ మోర్" అందుకున్నారు. నాయన అట్లాగే నిలబడి ఒకసారి అన్న వంకా, ఒకసారి వెనక్కి తిరిగి జనం వంకా చూశాడు. రోజూ తన పక్కన రాళ్ళు కొట్టే మనుషులు చేతులెత్తి అరుస్తున్నారు. నాయన తలగుడ్డ కింద పరిచి స్టేజీ ముందు నేల మీద కూర్చున్నాడు.

"అయితే పాడు" అన్నాడు. "నేనూ వింటా."

ఆ మూడోసారి పాడింది నేనిప్పటికీ మరిచిపోలేదు. భయం లేదు, దిద్దుకోవడం లేదు. "జా" దగ్గరికొచ్చేసరికి రాజు వేషం కట్టినాయన కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. నాటకం ఎట్లా ముగిసిందో ఎవరికీ గుర్తులేదు. వేగువాణ్ణి మాత్రం భుజాల మీద మోసుకుపోయారు. మరుసటేడు రాజు వేషం మా అన్నదే. క్వారీలో కేక వేయడానికి వేరే మనిషిని పెట్టుకున్నారు.

అరవై ఏళ్ళకి పైగా అన్న ఈ కథ చెప్పి నన్ను ఏడిపించాడు. "గొంతు దేవుడిచ్చాడు, శ్రుతి సాయిబుగారిచ్చాడు, మా చెల్లెలు కంగారిచ్చింది" అనేవాడు. ఇంటికొచ్చి పద్యాలు నేర్చుకునే పిల్లల్ని "వన్స్ మోర్" అనేవాడు. వాళ్ళు మురిసిపోతే, "నవ్వబాకండి, ఇది దొరసానమ్మ వన్స్ మోర్. జనం వన్స్ మోర్ రావాలంటే ముందు ఇది దాటాలి" అనేవాడు. తను పెద్ద పెద్ద సభల్లో పాడినప్పుడు కూడా జనం వన్స్ మోర్ అంటే, రెండోసారి ఎక్కడో ఒకచోట చిన్నది దిద్దేవాడు. ఎందుకన్నా అంటే, "ఏమో, నిజంగానే తప్పేమో" అని నవ్వేవాడు. ఆ వినయం నటన కాదు. ఆ రోజు భయం ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదులుకోలేదు. నేను చేసిన తెలివితక్కువ పని ఆయనకి అట్లా అక్కరకొచ్చిందని తలుచుకుంటే నాకిప్పుడు గర్వంగానే ఉంది.

సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయ్యాక మా మేనకోడలు ఫోనులో ఆ వేగువాడి పద్యం పెట్టింది. అన్న ఎనభై దాటాక ఇంట్లో మంచం మీద కూర్చుని పాడిన పద్యం అది. గొంతు కొంచెం వణికింది కానీ "జా" దగ్గర వణకలేదు. ఆనాటి క్వారీ వాళ్ళలో ఇప్పుడు ఒక్కడే మిగిలాడు. చూపు ఆనదు, చేతికర్ర పట్టుకుని అందరికీ వెనక నిలబడ్డాడు.

పద్యం ఆగింది. ఎవరూ కదల్లేదు.

"వన్స్ మోర్" అన్నాను నేను.

మేనకోడలు మళ్ళీ పెట్టింది. "రాజా" అని అన్న గొంతు పైకి లేచింది. ఆ ముసలాయన తల వంచి, కర్ర ఊతంగా ఒక్కో అడుగే వేస్తూ వెనక్కి నడిచాడు.