మసాచుసెట్స్ చేసిన ద్రోహం

పద్దెనిమిదేళ్లుగా ఒక అమ్మాయి నా తప్పును తనదేననుకుంటూ వచ్చింది. తప్పు నాదని తెలిసీ నేను హాయిగా ఉన్నట్టే కనిపిస్తూ వచ్చాను. నిన్నటి వరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ట్రాయ్ ఊళ్లో మా ఎనిమిదో తరగతి. హిస్టరీ టీచర్ మా రెండు సెక్షన్లనూ, ఒకప్పుడు ఇంగ్లండ్ మీద తిరగబడిన పదమూడు కాలనీలుగా విడగొట్టి, తను ఇంగ్లండ్ రాజయ్యాడు. రాజముద్ర లేని కాగితం మీద హోంవర్క్ చెల్లదు. ఒక్కో ముద్రకి పన్నులా మార్కులు కోస్తాడు. ఉదయం సెక్షన్‌లో నేను మసాచుసెట్స్. మధ్యాహ్నం సెక్షన్‌లో నా స్నేహితురాలు శ్రావణి జార్జియా. మొదట ఎదురుతిరిగింది నేనే కాబట్టి నాకు రెట్టింపు కోత పడింది. అది చూసి పదమూడు కాలనీలూ ఒక్కటయ్యాయి. శుక్రవారం ఎవరూ ముద్ర వేయించుకోకూడదని రహస్యంగా అనుకున్నాం.

రెండు సెక్షన్ల మధ్య ఉత్తరాలు మేమిద్దరమే నడిపాం. ఇంగ్లిష్ మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసేవాళ్లం. ఆదివారం తెలుగు క్లాసులో విసుక్కుంటూ నేర్చుకున్న గుణింతాలు అలా రాజద్రోహానికి పనికొచ్చాయి.

ఒక ఉత్తరం టీచర్‌కి నేలమీద దొరికింది. చదివి చెబితే నా కోత మాఫీ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆటలో అదీ భాగమే, కుదరదని చెప్పి వచ్చేయవచ్చు. నా తలలో మాత్రం 'ఎ' గ్రేడ్ పోతుందన్న భయం ఒక్కటే ఉంది. ఒక్క మాట దాచకుండా చదివేశాను. కనీసం శుక్రవారం అన్న మాటైనా ఎందుకు మింగలేదు?

శుక్రవారం క్లాసులు మొదలవకముందే ఆయన ఒక్కో కాలనీనీ విడిగా పిలిచి, తలా ఒక రాయితీ ఇచ్చి ముద్ర వేసేశాడు. లంచ్ వేళకు కూటమి లేదు.

పెన్సిల్వేనియా అయిన ఎమిలీ మా టేబుల్ దగ్గరికి వచ్చింది. "ఆ లెటర్స్ చదవడం మీ ఇద్దరికే వచ్చుగా. ఆయనకి ఎవరు చెప్పారు?"

"జార్జియా అసలు ఫస్ట్ కాంగ్రెస్‌కే రాలేదుగా," అన్నాను.

అందరూ గొల్లున నవ్వారు. పాఠంలో ఉన్నదే మరి. ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ పేరిట జరిగిన తొలి సమావేశానికి పన్నెండు కాలనీలే వచ్చాయి. నిజమైన చరిత్రతో అబద్ధం చెప్పాను.

శ్రావణి నా వైపు వంగి తెలుగులో అంది. "ఏయ్, నేను కాదని చెప్పవే. ప్లీజ్."

"ఏమో, నాకేం తెలుసు?"

ఆ ఏడంతా ఆమెను 'రెడ్‌కోట్' అన్నారు, అంటే రాజుగారి సైనికుడని. ఆ టేబుల్ దగ్గర చోటివ్వలేదు. ఆదివారం క్లాసుకీ రావడం మానేసింది. నాకు 'ఎ' గ్రేడ్ వచ్చింది.

పిల్లల ఆటే కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ పదమూడేళ్ల పిల్లకు ఆ టేబుల్ తప్ప వేరే దేశం ఏముంది? మా పాప కిండర్‌గార్టెన్‌లో చేరినప్పటి నుంచి, దాని పక్కన ఎవరైనా కూర్చున్నారో లేదోనని రోజూ అడుగుతున్నాను. ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు.

తర్వాతి ఏళ్లలో అప్పుడప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. పోయిన నెల శ్రావణి శాన్ రామన్ నుంచి ఫోన్ చేసినప్పుడు ఆ రోజుల మాట వచ్చింది. ఉత్తరం తనే పారేసుకుని ఉంటుందని, అందుకే అందరి ప్లానూ పాడైందని, నవ్వుతూ తన మీదే వేసుకుంది. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

నిన్న నేనే ఫోన్ చేశాను. చదివి చెప్పింది నేను, టేబుల్ దగ్గర తనను ఇరికించిందీ నేనే అన్నాను. శ్రావణి, "బాబు లేచాడు, ఉంటా," అని పెట్టేసింది.

మళ్లీ చేస్తుందో లేదో తెలియదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె నెత్తిన ఇంకో పని పెట్టినట్టే. ఆ తప్పు ఇక ఆమెది కాదు. అది ఆమెకు తెలుసు. నాకు అంతే కావాలి.