సోబియా డ్రమ్ముకు పాత కుళాయి

కరోనా ఆంక్షలు ఎత్తేసిన ఏడాది, రంజాన్‌కు నెల ముందు, నన్ను సౌదీలోనే ఉనైజా నుంచి మదీనా శాఖకు బదిలీ చేశారు. హోదా సీనియర్ మైక్రోబయాలజిస్టు. మాది ఆహార పరీక్షలు చేసే ప్రైవేటు ల్యాబు. ఇళ్లలో తినుబండారాలు తయారుచేసి అమ్ముకునే ఆడవాళ్ల పర్మిట్లు మా రిపోర్టుల మీదే నడిచేవి.

మొదటి వారంలోనే ఉమ్ హాషిమ్ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. భర్త పోయిన ఆ సౌదీ మహిళ చలికాలమంతా ఖర్జూరపు వెనిగర్, రంజాన్‌లో సోబియా చేసి అమ్మేది. బార్లీ నానబెట్టి, చక్కెర, ఏలకులు, దాల్చినచెక్క వేసి ఒక్కరోజు పులియనిచ్చి చల్లగా తాగే పానీయం సోబియా. రంజాన్ పర్మిట్ కోసం ఆమె ఇచ్చిన సోబియా నమూనాలో ఆల్కహాలు పరిమితి దాటింది. ఈ దేశంలో ఆ మాట రిపోర్టుకెక్కితే పర్మిట్ పోవడమే కాదు, వీధిలో పరువూ పోతుంది. ఒక్కటే వెసులుబాటు: కారణం రుజువు చేస్తే కొత్త నమూనాను ఒకసారి పరీక్షించవచ్చు.

మా విభాగాధిపతి జలీల్ సార్‌ది కర్నూలు. అప్పటికే సంతకానికి పెన్ను తీశారు.

"నంబరు నంబరే గదా మేడమ్. కత జెప్తే తగ్గుతాదా?"

"తగ్గించమన్లేదు సార్. యాడ నుంచి వచ్చిందో చూడమంటాండా. ఆ వంటింట్లోకి మనోళ్లు ఒక్కరన్నా పోయినారా?"

పోలేదు. నమూనాలు తెచ్చేవాళ్లంతా మగవాళ్లు. గడప దగ్గరే సీసా అందుకుని తిరిగొచ్చేవారు. తనిఖీ ఫారంలో 'పరికరాలు శుభ్రం' అన్న గడి మాత్రం ప్రతిసారీ నిండేది. చూడకుండా ఎలా నింపారని అడిగాను. జవాబుగా సార్ కారు పిలిపించారు.

డ్రైవర్ ఖాజాది రాయచోటి. "వచ్చిన వారానికే సారుతో పెట్టుకుంటివే అక్కా!" అన్నాడు.

"పెట్టుకునేది నేను, నడిపేది నువ్వు. రోడ్డు చూడు."

ఉమ్ హాషిమ్ వంటిల్లు అద్దంలా ఉంది. కుళాయిలు బిగించిన రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు. వెనిగర్‌కూ సోబియాకూ అవే. సబ్బుతో తోమి, మూడుసార్లు వేడినీళ్లు పోసి, చివరగా సొంత వెనిగర్‌తోనే కడుగుతానని చెప్పింది. "వెనిగర్ కంటే శుభ్రమైనది ఏముంటుంది, డాక్టరమ్మా?" అని అరబ్బీలో నన్నే నిలదీసింది.

తప్పు అక్కడే ఉంది. వెనిగర్ రెండు దశల్లో తయారవుతుంది. ముందు ఈస్ట్ ఖర్జూరంలోని తీపిని ఆల్కహాలుగా మారుస్తుంది. తర్వాత బాక్టీరియా దాన్ని పులుపు చేస్తుంది. పులుపు చాలా క్రిములను ఆపుతుంది గానీ, ఈస్ట్ దానికి అంత తేలిగ్గా లొంగదు. ఎక్కడైనా మిగిలితే సోబియాలోని చక్కెరనూ ఆల్కహాలు చేసేస్తుంది.

కుళాయి ఎప్పుడైనా విప్పావా అని అడిగాను. కారుతుందన్న భయంతో కొన్ననాటి నుంచీ ముట్టలేదట. నేను ఒకదాన్ని విప్పాను. రబ్బరు వాషర్ వెనక గోధుమరంగు జిగురు, పులిసిన ఖర్జూరం వాసన. ఉమ్ హాషిమ్ ఒకసారి వాసన చూసింది. "రోజూ డ్రమ్ములూ గిన్నెలూ తోముతూ కూర్చున్నానే!" అంది.

వాషర్‌ను సీలు వేసి ల్యాబుకు తెచ్చాను. మర్నాడు రెండు డ్రమ్ములనూ మరిగే నీళ్లతో కడిగించి, వాషర్ తీసినదానికి కొత్త కుళాయి వేయించాను. రెండోదానికి పాతదే విప్పకుండా ఉంచాను. ఒకే గిన్నెలోని బార్లీ నీళ్లు రెండింటిలోకీ పోయించాను. పులియడం పూర్తయ్యాక రెండు సీసాలు తెచ్చి, జలీల్ సార్‌ను యంత్రం పక్కనే నిలబెట్టి పరీక్షించాను. పాత కుళాయి సోబియా మళ్లీ పరిమితి దాటింది. కొత్త కుళాయిది ఎంతో దిగువన ఆగింది. వాషర్ నుంచి తీసిన జిగురును పెంచిన పళ్లెమంతా ఈస్టే.

"గెలిస్తివి మేడమ్," అన్నారు సార్.

"గెలుపు సరే సార్. ఆ 'శుభ్రం' గడి ఎవరు నింపినారో చెప్పండి."

ఆయన దగ్గి, కొత్త నమూనా రిపోర్టు మీద సంతకం పెట్టారు. పర్మిట్ నిలిచింది. రంజాన్ మొదటిరోజు ఇఫ్తార్‌కు గంట ముందే ఉమ్ హాషిమ్ సోబియా అయిపోయింది. మా ఫారంలో 'కుళాయి విప్పి చూశారా' అన్న కొత్త గడి చేరింది. నమూనాలు తేవడానికి ఇద్దరు ఆడవాళ్లను తీసుకున్నారు. యాభై రెండేళ్ల వయసులో నేను రిటైరయ్యే నాటికీ ఆ పద్ధతే నడుస్తోంది.

మరిగే నీళ్లతో కడిగాక అదే డ్రమ్ములో మరో రకం పులియబెట్టడం తప్పు కాదు. కుళాయి, వాషర్, గొట్టం మాత్రం దేనికది వేరుగా ఉండాలి. ఇక ల్యాబు మనుషులకు: యంత్రం ఎంత ఉందో చెబుతుంది, ఎందుకుందో చెప్పదు. అది తెలియాలంటే ఎవరో ఒకరు గడప దాటి లోపలికి వెళ్లాలి.