అంగారకుడి మీద ఏకాదశి

పదవీ విరమణకు ముందు నా ఆఖరి పోస్టింగ్ పలాస, ఇచ్ఛాపురం మధ్య ఒక చిన్న స్టేషన్‌లో. స్టేషన్ మాస్టర్‌ని. డ్యూటీలో పుస్తకం ముట్టుకోకూడదు కనుక, క్వార్టర్‌కు వచ్చాక పొద్దున భాగవతం, మధ్యాహ్నం గ్రహాంతర యానాల నవలలు చదివేవాడిని. రెండూ ఎలా పొసగుతాయని తోటి ఉద్యోగులు అడిగేవారు. పద్నాలుగు లోకాల గురించి చిన్నప్పుడే భజన మందిరంలో విన్నవాడికి ఇంకో గ్రహం కొత్త చోటేమీ కాదు.

ఆ రోజుల్లోనే సొంతంగా ఒక నవల మొదలుపెట్టాను. అంగారకుడి మీద కాపురం పెట్టిన ఉద్దానం కుటుంబాల కథ. జలంత్రకోట దగ్గర మా ఊరి మందిరంలో శనివారం పురాణం చదివేది నేనే. పురాణం అయ్యాక నవల వినిపిస్తాననీ, వాళ్లు చివరిదాకా వింటేనే అచ్చుకు పంపుతాననీ అందరి ముందూ మాట ఇచ్చాను. మందిరంలో ఒక నియమం ఉంది. వినేవాళ్లలో ఎవరు సందేహం అడిగినా, అది తీరేదాకా చదివేవాడు పేజీ తిప్పకూడదు.

మూడో అధ్యాయంలో వంటమనిషి పార్వతి ఏకాదశి ఉపవాసం ఉంటుంది. అక్కడ నీలమ్మ పిన్ని చెయ్యి ఎత్తింది.

“ఆగు బాబూ. ఆ యమ్మికి ఏకాదశని ఎవులు సెప్పినారు?”

“పంచాంగం అట్టుకెల్లుంటాది పిన్నీ,” అన్నాడు కొబ్బరితోట రైతు, మా బావ దాలయ్య.

“పంచాంగం సరేరా. పొద్దు పొడిసేటప్పుడు ఏ తిథి ఉంటే అదే గదా లెక్క? ఏ ఊరి పొద్దు సూడాల? అక్కడిదా, మనదా?”

అక్కడి రోజు మన రోజుకన్నా దాదాపు నలభై నిమిషాలు పెద్దది. కొన్నాళ్లకు వాళ్ల ఉదయం మన మధ్యాహ్నంలో పడుతుంది. ఇంధనం లెక్కలన్నీ వేసిన నేను ఇది ఆలోచించలేదు. కాగితాలు మూశాను.

“మా బావ రాకెట్టు సిగ్నల్ లేక ఔటర్లో ఆగిపోనాది,” అన్నాడు దాలయ్య. తర్వాతి శనివారాల్లోనూ ఆ పేజీ తిరగలేదు. నవల అక్కడితో ఆగిపోతుందనే అనిపించింది.

జవాబు డ్యూటీలో దొరికింది. రైలు బయల్దేరాలంటే ముందున్న స్టేషన్ మాస్టర్ దారి ఖాళీగా ఉందని ‘లైన్ క్లియర్’ ఇవ్వాలి. మధ్యలో రోడ్డు గేటుంటే, అది మూశానని గేట్‌మన్ ఫోన్లో ఒక ప్రైవేట్ నంబర్ చెప్పాలి. అచ్చువేసిన కాగితంలోంచి చెప్పే రెండంకెల సంఖ్య అది. మనం ఊహించలేం. అది రాసుకున్నాకే సిగ్నల్. ఆ సాయంత్రం ప్యాసింజర్ రైలు ప్లాట్‌ఫారం మీద ఉంది, గేట్ ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. లోకో పైలట్ హారన్ కొట్టాడు. కంట్రోలర్ ఆలస్యానికి కారణం అడిగారు. నంబర్ రాలేదని చెప్పి, రైలును అక్కడే నిలిపాను.

చివరకు గేట్‌మన్ మాట్లాడాడు. “కొబ్బరి లారీ పట్టాల మీద ఆగిపోనాది సారూ. ఎర్రజెండా అట్టుకొని నిలబడ్డాను, ఫోను ఎత్తడానికి అవలేదు. ఇప్పుడే తోసేసినాం.” నంబర్ చెప్పాడు. సిగ్నల్ ఇచ్చాను.

మర్నాడు పొద్దున పూజ ముగించి ఆ అధ్యాయం తిరగరాశాను. పార్వతి కట్టుబడింది మన ఊరి పొద్దుకే. ఇక్కడ ద్వాదశి సూర్యోదయం కాగానే ఆమె చెల్లెలు రేడియోలో ఒక నంబర్ పంపాలి. అది అందాకే పారణ, అంటే ఉపవాసం విడిచి భోజనం. ఆ రోజు నంబర్ రాలేదు. ద్వాదశి దాటిపోతే వ్రతభంగం. ముందుగా తిన్నా వ్రతభంగమే. తినెయ్యమని రాకెట్టు కెప్టెన్ తొందరపెడుతున్నాడు.

ఆ శనివారం అంతవరకు చదివి తలెత్తాను.

“తినొద్దను!” అంది నీలమ్మ పిన్ని. “కబురు రాలేదంటే అక్కడేటో అడ్డం పడుంటాది. గిన్నె మూత తియ్యొద్దను.”

“మరి నీ సందేహం తీరినాదా పిన్నీ?” అడిగాడు దాలయ్య.

“తీరినాది. తిప్పు బాబూ పేజీ.”

నవల పూర్తయింది. చివరిదాకా విన్నారు. ఇచ్చిన మాట ప్రకారం అచ్చుకు పంపాను. భగవంతుడి జవాబు ఆలస్యమైతే దారి ఇంకా ఖాళీ కాలేదని అర్థం, ఇది నా నమ్మకం. రాతలో నేర్చుకున్నది ఇంకా చిన్నది: కొత్త లోకం కట్టేవాడు అక్కడి మనుషులు ఏ పొద్దు చూసి అన్నం తింటారో ముందు తేల్చుకోవాలి. ఇంజిన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.